చివరి చెయ్యి ఎవరిది?

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నేను అక్షరాలు నేర్చుకున్నది జుట్టు నెరిశాక. ఒత్తులూ దీర్ఘాలూ ఇప్పటికీ నా మాట సరిగ్గా వినవు. ఒక్క పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. ఈ కథలో గూఢచారేమో మహా వేగంగా పరిగెడతాడు. అతని వెనక నా పెన్ను ఆయాసపడుతూ నడిచింది. తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి.

*

బార్బరు షాపు కుర్చీలో కూర్చున్న మనిషి సగం గడ్డం గీయించుకుని చచ్చిపోయాడు.

ఒక చెంప నున్నగా ఉంది. రెండో చెంప మీద సబ్బు నురగ ఇంకా ఆరలేదు. మెడ వెనక సూది గుచ్చినంత ఎర్రటి చుక్క. అసలు బార్బరు లోపలి గదిలో నోట్లో తువ్వాలు కుక్కి, కాళ్ళూ చేతులూ కట్టేసి ఉన్నాడు. మరి గడ్డం గీసిందెవరు? వీధిలో ఎవరూ చూడలేదు. షాపుకి ఎదురుగా ఉన్న గేటు మాత్రం ఎప్పటిలా తెరిచే ఉంది. ఆ గేటు లోపల విమానాలు చేస్తారు.

"చచ్చిపోయింది మనవాడే. వారం రోజులుగా ఆ గేటు మీద కన్నేసి ఉంచాడు" అన్నాడు చీఫ్.

ఎదురుగా నిలబడ్డ ఏజెంటుకి డిపార్టుమెంటులో ఉన్న పేరు గొడుగు. ఎండైనా వానైనా అతని చేతిలో నల్ల గొడుగు ఉండాల్సిందే. అసలు పేరు ఫైల్లో ఉంది, ఆ ఫైలు ఎక్కడుందో ఎవరికీ తెలీదు.

"కూర్చో" అన్నాడు చీఫ్. "ఆ కుర్చీ కూడా వాళ్ళు చేసిందే."

గొడుగు కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమనలేదు.

"మొదట వాళ్ళు కుర్చీల వాళ్ళా సార్?"

"ఇప్పటికీ కుర్చీల వాళ్ళే. కుర్చీలతో వచ్చింది విమానాలకు తగలేస్తారు" అంటూ చీఫ్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

కార్ఖానా యజమానిని అందరూ మేస్త్రీ అంటారు. కుర్చీ వీపు వంపు తిరగాలంటే చెక్కని ఆవిరి పట్టి వంచాలి. ఆ విద్య ఆయనకు వెన్నతో పెట్టింది. ఒకనాడు ఎవడో గుడ్డ రెక్కలు కట్టుకుని గుట్ట మీద నుంచి గాల్లోకి దూకడం చూశాడు. ఆ రెక్కలోని బద్దలూ తన కుర్చీ వీపులూ ఒకే వంపులో ఉన్నాయనిపించింది. అంతే, పిచ్చి పట్టింది. మొదటి విమానం నేల వదల్లేదు. రెండోది వదిలింది గానీ దిగడం దానికి చేతకాలేదు. మోటారు సైకిలు ఇంజన్లు పెట్టి చూశాడు, పడవ ఇంజన్లు పెట్టి చూశాడు. ఆ రోజుల్లో చిన్న విమానాలు చేసేవాళ్ళంతా అలాంటివాళ్ళే. ఒకడు సైకిళ్ళు బాగుచేసేవాడు, ఒకడు పడవలు చెక్కేవాడు, ఇంకొకడు పియానోలు చేసేవాడు. ఒకటో రెండో ఎగరేసి, ఇల్లు తాకట్టు పెట్టి, తలుపులు మూసుకున్నారు. మేస్త్రీ ఒక్కడే మిగిలాడు.

"ఇప్పుడాయన 'పిచ్చుక' అని ఒకటి చేశాడు. ఇద్దరు మాత్రమే పట్టే విమానం. పెరడంత చోటుంటే దిగుతుంది. రోడ్డు లేని కొండ ఊళ్ళకు డాక్టర్ని పంపాలంటే అదే గతి. ఎల్లుండి ప్రభుత్వ కమిటీ ముందు పరీక్ష. నెగ్గితే ఆర్డరు మేస్త్రీది, ఓడితే విదేశీ కంపెనీది."

"విదేశీ కంపెనీ అయితే మనకేంటి సార్?"

"విమానాలు అమ్మడం వాళ్ళకు వంక. దిగడానికి చోటు చూస్తున్నామని ప్రతి కొండా, ప్రతి కనుమా కొలుచుకుంటారు. రేపు ఆ కొలతలతో సైన్యం వస్తుంది. వాళ్ళ ముఠా నాయకుడు వెండి పిడి ఉన్న కర్ర పట్టుకు తిరుగుతాడు. అందుకే వెండికర్ర అంటాం. పరీక్షలో పిచ్చుకని కూల్చేయాలని ప్లాను. లోపల ఎవడో ఉన్నాడు. వాడెవడో తెలుసుకునేలోపు మనవాడి గడ్డం గీసేశారు."

"ముఠాలో మనవాళ్ళు?"

చీఫ్ కిటికీ వైపు చూశాడు. "పాదరసం ఉంది."

గొడుగు ముఖం ముడుచుకుంది. "ఆవిడ మనమనిషేనా సార్?"

"జీతం మనమే ఇస్తున్నాం."

"వాళ్ళూ ఇస్తున్నారుగా."

"అందుకే ఆవిడ బట్టలు మన బట్టల కన్నా బాగుంటాయి" అన్నాడు చీఫ్. "వెళ్ళు. పిచ్చుక ఎగరాలి, కూలకూడదు. రెండూ జరగాలి."

*

మర్నాడు ఉదయం కార్ఖానా గేటు ముందు నెరిసిన మీసంతో, సీసా అడుగుల్లాంటి కళ్ళద్దాలతో ఒక పెద్దమనిషి దిగాడు. మంత్రిత్వ శాఖ నుంచి వచ్చిన వార్నిష్ ఇన్‌స్పెక్టరు. చేతిలో నల్ల గొడుగు.

లోపలికి అడుగు పెట్టగానే మాగిన అరటిపళ్ళ వాసన గుప్పుమంది.

"పళ్ళు కాదు సార్, డోపు" అని నవ్వింది ఎదురొచ్చిన అమ్మాయి. మేస్త్రీ కూతురు. మోచేతుల దాకా రంపపు పొట్టు. "రెక్కలకు కప్పిన గుడ్డ మీద పూసే వార్నిష్. ఇది ఆరితే గుడ్డ బిగుసుకుని తప్పెటలా మోగుతుంది. వార్నిష్ ఇన్‌స్పెక్టరుగారికి నేను చెప్పాలా!"

గొడుగు గంభీరంగా దగ్గాడు.

కార్ఖానా అంటే ఒక పొడుగాటి రేకుల షెడ్డు. ఒక పక్క ఆవిరి పెట్టె బుసలు కొడుతోంది. అందులోంచి తీసిన బద్దని ఇద్దరు మనుషులు చేతులు కాలుతున్నా వదలకుండా అచ్చు మీద వంచుతున్నారు. ఇంకో పక్క పూర్తికాని కుర్చీల గుట్ట. మధ్యలో పిచ్చుక. రెండు సీట్లు ఒకదాని వెనక ఒకటి. వెనక సీటు పైలట్‌ది. రంగు పాలమీగడలా ఉంది. నిజంగానే వాలడానికి కొమ్మ వెతుక్కుంటున్న పిట్టలా నిలబడి ఉంది.

కుటుంబమంతా అక్కడే పని చేస్తుంది. పెద్దకొడుకు లేడు. ముందటి విమానాన్ని మొదటిసారి ఎగరేస్తూ పడిపోయి చనిపోయాడు. అతని భార్య కుట్టు గదికి పెద్ద. అందరూ ఆమెను వదిన అనే పిలుస్తారు, వయసులో పెద్దవాళ్ళతో సహా. చిన్నకొడుకు పైలట్, రేపు నడిపేది అతనే. కూతురు చెక్కపని చేస్తుంది. అల్లుడు మేనేజరు. పొట్టు రాలే షెడ్డులో ఇస్త్రీ మడత నలగకుండా తిరిగే మనిషి అతనొక్కడే.

అతని చేతిలోని గొడుగు పిడిలో డాక్టర్లు పెట్టుకునేలాంటి వినికిడి గొట్టం దాచి ఉంది. వార్నిష్ పరీక్ష అనే సాకుతో గొడుగు రెక్క పొడుగునా పిడి ఆనించి విన్నాడు. గడియారం టిక్కుటిక్కు వినిపిస్తే టైంబాంబు. ఏమీ వినిపించలేదు. ఇంజను చూశాడు, చక్రాలు చూశాడు, సీటు కింద చూశాడు. ఏమీ లేదు.

సాయంత్రం కావస్తుండగా మేస్త్రీ సుద్దముక్క తీసి పిచ్చుక చుట్టూ నేల మీద గీత గీశాడు. పనివాళ్ళంతా వెనక్కి జరిగారు. గొడుగు కంటికి రెక్క చివర గుడ్డ కాస్త ఉబ్బినట్టు కనిపించింది. వంగి బొటనవేలితో నొక్కి చూశాడు. గాలి బుడగ, అంతే.

షెడ్డంతా గొల్లున నవ్వింది.

"అయిపోయింది! చివరి చెయ్యి ఇన్‌స్పెక్టరుగారిదే!"

"రేపు మఫ్లరు తెచ్చుకోండి సార్, పైన చలి!"

గొడుగుకి అర్థం కాలేదు. మేస్త్రీ దగ్గరకు వచ్చాడు. కుడిచేతి చూపుడువేలికి కొస లేదు, ఎప్పుడో రంపం తీసుకుపోయింది.

"మా దగ్గరొక పద్ధతుందండి. పెద్దాడు పోయినప్పుడు అందరూ ఒకర్నొకరు వేలెత్తి చూపించుకున్నారు. జిగురు వాళ్ళు కుట్టు వాళ్ళన్నారు, కుట్టు వాళ్ళు ఇంజనన్నారు. నా చెవులు చిల్లులు పడ్డాయి. ఆ రోజునే చెప్పేశాను. గీత గీశాక విమానం మీద చివర ఎవరి చెయ్యి పడితే వాళ్ళు మొదటిసారి ముందు సీట్లో ఎక్కాలి. పైలట్‌తో పాటు ప్రాణం పెట్టాలి. అప్పట్నుంచి మా వాళ్ళు ఏ పనీ తూతూమంత్రంగా చెయ్యరు."

"నేను... గుండె జబ్బు మనిషినండీ" అన్నాడు గొడుగు.

"మా పిచ్చుక గుండె గట్టిది సార్. రెండిటికీ కలిపి అదే కొట్టుకుంటుంది" అన్నాడు చిన్నకొడుకు.

నవ్వులు మళ్ళీ లేచాయి. నవ్వనిది వదిన ఒక్కతే. ఆమె పని మిగతావాళ్ళ కన్నా ఒక రోజు ముందే ముగించుకుంటుందని, తన చెయ్యి చివరిది కాకుండా చూసుకుంటుందని గొడుగుకి ఎవరో చెవిలో చెప్పారు. ఆనాడు విమానం పడింది ఆమె కుట్టు తెగి అని కొందరి గుసగుస. నిజమెవరికీ తెలీదు. భర్త పోయిన దుఃఖం ఒకటి, ఈ అనుమానం ఒకటి. రెండూ ఒకే సూదికి ఎక్కించుకుని బతుకుతోంది ఆమె.

*

గేటు బయట పొడుగాటి కారు ఆగి ఉంది. అందులోంచి దిగిన ఆవిడని చూసి వీధి వీధంతా పని మానేసింది. తోలు కోటు, మెడలో ఆకాశం రంగు స్కార్ఫు, చెవులకు నీటిబొట్టులాంటి రాళ్ళు. విదేశీ కంపెనీ తరఫున పరీక్ష చూడటానికి వచ్చిన లేడీ పైలట్. కార్లో వెనక సీట్లో వెండికర్ర కూర్చుని పేపరు చదువుతున్నాడు.

ఆవిడ గొడుగు పక్కగా వచ్చి వాచీ చూసుకుంది. "మీ వైపు వానలు పడ్డాయా?"

"పడలేదు. గొడుగు మాత్రం తడిసింది."

"ఆరబెట్టుకోండి" అంది పాదరసం. కోడ్ సరిపోయింది. ఆవిడ పెదవులు కదలకుండా మాట్లాడసాగింది. "రెక్కలో ఒకటి పెట్టారు. ఎక్కడో తెలీదు, ఎవరు పెట్టారో తెలీదు. గడియారం కాదు. గట్టిగా మూసిన రబ్బరు బుడ్డి. ఎత్తుకు పోయేకొద్దీ పైన గాలి పలచనవుతుంది, అది ఉబ్బుతుంది. ఉబ్బి పక్కనున్న గాజు గొట్టాన్ని పగలగొడుతుంది. అందులో ఆసిడ్. విమానాన్ని తిప్పే కేబుల్ తెగుతుంది. రేపు ఎత్తుకు పోనివ్వకు."

"పరీక్షలో ఎత్తుకు పోవాలి. పోకపోతే ఫెయిల్."

"తెలుసు."

"ఫెయిలైతే ఆర్డరు మీ వాళ్ళదే."

ఆవిడ మొదటిసారి అతని కళ్ళలోకి చూసింది. "మా వాళ్ళా! ఇంకా నన్ను నమ్మవన్నమాట."

"నిన్ను నమ్మినవాడు ఒకడు రైల్లోంచి కింద పడ్డాడు."

"నేను తొయ్యకపోతే బుల్లెట్ తగిలి పడేవాడివి" అని ఆవిడ కారెక్కి వెళ్ళిపోయింది.

గొడుగుకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆవిడ చెప్పింది నిజమైతే పిచ్చుక ఎత్తుకు పోగానే ఇద్దరూ చస్తారు. అబద్ధమైతే, రెక్కలో ఏమీ లేకుండానే ఒక్క మాటతో పరీక్ష చెడగొట్టినట్టవుతుంది. ముఠాకి ఖర్చు కూడా లేదు. గోడ మీద పిల్లి ఎటు దూకుతుందో పిల్లికైనా తెలుసా?

మేస్త్రీని మెల్లగా అడిగాడు. "రెక్కలు విప్పి చూడాలంటే?"

"విప్పడం గంట పని. మళ్ళీ గుడ్డ కప్పి, పూత మీద పూత ఆరబెట్టాలంటే వారం. కమిటీ వారం ఆగదండి. ఆగమని నేను అడగను కూడా. ఈ షెడ్డు నాది కాదిప్పుడు, బ్యాంకుది. రేపు కాకపోతే ఇంకేమీ లేదు."

అంటే చోటు కచ్చితంగా తెలియాలి. ఆ చోటు పెట్టినవాడికే తెలుసు.

*

మర్నాడు ఎండ చురుక్కుమనేసరికి మైదానం నిండింది. ఒక గుడారం కింద కమిటీ ఆఫీసర్లు, వాళ్ళ పక్కన వెండికర్ర, కుర్చీ వెనక పాదరసం. మైదానం ఈ చివర పిచ్చుక, దాని చుట్టూ మళ్ళీ గీసిన సుద్దగీత, గీత బయట కార్ఖానా మొత్తం. చిన్నకొడుకు వెనక సీట్లో కూర్చుని బెల్టు బిగించుకుంటున్నాడు.

గొడుగు గీత దగ్గరకు వచ్చి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"అయ్యా, నా వల్ల కాదు. రాత్రంతా ఎడమ రొమ్ములో పోటు. మీ పద్ధతిని అవమానించను. ఎవరైనా దయచేసి గీత దాటి ఒక్క చెయ్యి వెయ్యండి. చివరి చెయ్యి మీదవుతుంది. నన్ను బతికించండి."

జనం మీద అతని కళ్ళు టార్చిలైటులా తిరుగుతున్నాయి.

"నేను!" అన్నాడు జిగురు కలిపేవాడు.

"నువ్వు పోయినసారి ఎక్కావు, దిగి వాంతి చేసుకున్నావు! నేనెక్కుతా" అన్నాడు ఆవిరి పెట్టె వాడు.

"మీ ఇద్దరి బరువుకి అది లేవదురా, నేను!"

తోసుకుంటున్నారు, తిట్టుకుంటున్నారు. మొత్తం కార్ఖానాలో ఇద్దరు మాత్రమే ఒక అడుగు వెనక్కి వేశారు. ఒకరు వదిన. ఇంకొకరు అల్లుడు.

గొడుగు గుండె నిజంగానే ఝల్లుమంది. వెతికినవాడు ఈ ఇద్దరిలో ఒకరు. గుడ్డ కుట్టింది వదిన, ఏది దాచాలన్నా ఆమెకే సులువు. ఆమె దగ్గరకు వెళ్ళాడు.

"మీరెందుకమ్మా వెనక్కి తగ్గారు?"

"భయం" అంది ఆమె సూటిగా. "నా కుట్టు మీద నాకే నమ్మకం పోయింది. ఆయన వెళ్ళిన రోజున పోయింది. ఎవరితోనూ అనలేదు, మీరు అడిగారు గనక చెప్పాను."

గొడుగు అల్లుడి వైపు తిరిగాడు. అల్లుడు రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుని తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉన్నాడు.

"మేనేజరుగారూ, మీరు?"

"నాకు... కమిటీ వాళ్ళతో మాట్లాడే పనుంది."

"ఒక్క చెయ్యి వెయ్యడానికి ఎంతసేపు?"

అల్లుడు నోరు తెరిచేలోపు పక్కనుంచి ఒక మెరుపు గీత దాటేసింది. మేస్త్రీ కూతురు! కుడి రెక్క మీద అరచేత్తో ఫట్‌మని చరిచింది. రెక్క తప్పెటలా మోగింది.

"చివరి చెయ్యి నాది! పుట్టినప్పట్నుంచి చూస్తున్నాను, ఎప్పుడూ ఎవడో ఒకడు నాకన్నా ముందే వేస్తాడు!"

"అక్కా, మొహానికి పొట్టైనా తుడుచుకోవే, కమిటీ చూస్తోంది" అన్నాడు వెనక సీట్లోంచి తమ్ముడు.

"నువ్వు తిన్నగా నడపరా చాలు."

అల్లుడు గీత దాకా వచ్చి ఆగాడు. "వద్దు! నువ్వు ఎక్కకు. నీకు తల తిరుగుతుంది."

"ఎప్పుడు తిరిగింది? మిమ్మల్ని చేసుకున్నప్పుడు తప్ప!"

అందరూ నవ్వారు. ఆమె ముందు సీట్లోకి దూకి బెల్టు కట్టుకుంది.

గొడుగు అప్పుడే ఆపొచ్చు. పేరు చెప్పి, కార్డు చూపించి, ఆమెను దింపేయొచ్చు. దింపితే అల్లుడు నోరు విప్పడు, చోటు తెలీదు. గొడుగు ఆపలేదు. ఆ క్షణం గురించి అతను తర్వాత రిపోర్టులో ఏమీ రాయలేదు.

"కాంటాక్ట్!" అన్నాడు పైలట్. ముక్కు దగ్గరి ఫ్యాను తిప్పారు. ఇంజను దగ్గి, ఉమ్మి, అందుకుంది. చక్రాల కింది దిమ్మలు లాగేశారు. సుద్దగీత మీదుగా పిచ్చుక కదిలింది.

ఎగిరిందా, ఇక వెనక్కి పిలవడానికి ఎవరి గొంతూ చాలదు.

గొడుగు అల్లుణ్ణే చూస్తున్నాడు. అల్లుడు గుడారం వైపు చూశాడు. వెండికర్ర కుర్చీలోంచి లేచి, కర్ర పిడి మీద రెండు చేతులూ పెట్టుకుని, తల కొద్దిగా అడ్డంగా ఊపాడు. అల్లుడు కదలకుండా ఉండిపోయాడు. పిచ్చుక వేగం అందుకుంది. తోక లేచింది. ముందు సీట్లో ఆమె ఒక చెయ్యి బయటకు చాపి గాలిని పట్టుకుంటోంది.

గొడుగు లెక్క తప్పింది. వీడు చెప్పడు. పెళ్ళాన్ని కూడా పంపేస్తాడు.

గొడుగు పరిగెత్తాడు. నెరిసిన మీసం ఊడి ఎగిరిపోయింది. కానీ అతనికన్నా ముందు ఇంకెవరో పరిగెడుతున్నారు. ఇస్త్రీ చొక్కా, ఊడిన ఒక చెప్పు. అల్లుడు మైదానానికి అడ్డంపడి సరాసరి విమానం ముందుకు వెళ్ళి రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

"ఆపరా! ఆపు! ఆమెను దించు!"

ఇంజను ఆగింది. పిచ్చుక పక్కకు తిరిగి, ఒంటి చక్రం మీద లేచి, మళ్ళీ కూలబడి నిలిచింది. తిరుగుతూ ఆగిన ఫ్యానుకీ అతని ఛాతీకీ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు కూడా లేదు.

"కుడి రెక్క... అడుగున. విమానం ఒంటికి దగ్గరగా మూడో బద్ద పక్కన" అన్నాడు అల్లుడు, మోకాళ్ళ మీద పడిపోయి. "గుడ్డ కప్పకముందు పెట్టాను."

పాదరసం ఎప్పుడు వచ్చిందో, జడలోంచి పిన్ను తీసి గుడ్డని చిన్న గీతలా కోసేసింది. రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చి మెల్లగా బయటకు లాగింది. బొటనవేలంత రబ్బరు బుడ్డి, దానికి కట్టిన గాజు గొట్టం. దాన్ని స్కార్ఫులో చుట్టి గొడుగు చేతిలో పెట్టింది.

"ఇప్పుడు నమ్ముతావా?"

"ఆలోచిస్తాను."

సరిగ్గా అప్పుడు వెండికర్ర చేతిలోని కర్ర లేచింది. దాని కొన అల్లుడి వీపు వైపు ఉంది. బార్బరు షాపులో పని చేసిన సూది అందులోనే ఉందని గొడుగుకి ఆ క్షణంలో తట్టింది. బటన్ నొక్కి గొడుగు తెరిచాడు. సూది టప్‌మని నల్లగుడ్డలో దిగబడింది. ఎన్నో పరికరాలు దాచిన ఆ గొడుగు, చివరికి గొడుగులాగే పనికొచ్చింది. ఈలోగా జిగురు కలిపేవాడు, ఆవిరి పెట్టె వాడు వెండికర్ర మీద కూర్చున్నారు. ఎవరు ముందు కూర్చున్నారనే దాని మీద మళ్ళీ గొడవ.

*

ఆమె విమానం దిగి భర్త ముందు నిలబడింది.

"పడిపోదన్నారు" అన్నాడు అతను తల ఎత్తకుండా. "కేబుల్ కాస్త వదులవుతుంది, తిరగలేక దిగిపోతుందన్నారు. ఆర్డరు వాళ్ళకొస్తే అక్కడ నాకు పెద్ద ఉద్యోగం. ఎన్నాళ్ళు మామగారి షెడ్డులో కుర్చీలు అమ్మను? మన కోసమే చేశాను. నిజంగా పడిపోదన్నారు."

"పడిపోదని నమ్మితే నన్నెందుకు ఆపారు?"

అతను ఊడిపోయిన చెప్పు కోసం చుట్టూ వెతికాడు.

"మా తమ్ముడు నిన్నటి నుంచి ఆ సీట్లో కూర్చుంటానని ఎగురుతున్నాడు. వాణ్ణి చూసినప్పుడు మీకు నోరు పెగల్లేదు. నా ప్రాణం కాపాడానని చెప్పుకుంటారేమో. ఆ మాట నాకు వినిపించేంత దగ్గరకు మాత్రం రాకండి."

వదిన కూడా వచ్చింది. "అన్నయ్యగారూ, ఒక్కటి చెప్పండి. ఆయన పడిపోయిన రోజున కూడా మీ చెయ్యేనా?"

"కాదు చెల్లెమ్మా. దానికీ నాకూ ఏ సంబంధం లేదు. నమ్ము."

నమ్మాలో వద్దో ఆమెకు తెలీలేదు. అతని చెయ్యే అయితే తన కుట్టు మంచిదే. కాకపోతే అతను అంత పాపి కాదు. రెండిట్లో ఏది కోరుకోవాలో కూడా తెలీలేదు. పోలీసులు అతన్ని తీసుకెళ్ళారు.

కమిటీ పెద్ద వాచీ చూసుకున్నాడు. "జరిగింది విచారకరమే. కానీ మధ్యాహ్నం దాటితే పరీక్ష రద్దు. రెక్క చిరిగి ఉంది."

"విరిగిన రెక్క కాదండి, చిరిగిన గుడ్డ. అంతే" అంటూ మేస్త్రీ వెనక్కి తిరిగాడు. తిరిగి ఆగిపోయాడు. కుట్టే చెయ్యి ఎవరిదో గుర్తొచ్చింది.

వదిన అప్పటికే రెక్క కింద పడుకుని ఉంది. మైనం పట్టిన దారం పళ్ళతో తెంపి, వంపు సూదికి ఎక్కించింది. ప్రతి కుట్టునూ లాగి చూసుకుంది, ముడి వేసి మళ్ళీ లాగి చూసుకుంది. గుడ్డ పట్టీ పెట్టి డోపు పూసింది. ఎండకి అది చూస్తుండగానే బిగిసింది. వేలితో మీటి విని, చీర కుచ్చిళ్ళు దోపుకుని లేచింది.

"వద్దమ్మా" అన్నాడు మేస్త్రీ. "నా చెయ్యి వేస్తాను. నేనెక్కుతాను."

"మీరు వెయ్యకండి మామయ్యా." ఆమె ముందు సీటు అంచు పట్టుకుంది. "ఎవరైనా వచ్చి వేస్తే బాగుండునని ఇప్పటికీ ఉంది. కానీ వెయ్యకండి. ఇవాళైనా నాకు తెలియాలి."

ఆడపడుచు వచ్చి బెల్టు బిగించబోయి, విమానానికి చెయ్యి తగలకుండా గాల్లోనే ఆపుకుంది. "గట్టిగా లాక్కో వదినా. ఇంకా. ఆఁ, అంతే."

పిచ్చుక లేచింది. ఎత్తుకు, ఇంకా ఎత్తుకు పోయింది. అరచేతిలో పట్టేంత అయింది, గోరంత అయింది. మేస్త్రీ నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. కూతురు ఆయన చెవిలో ప్రతిదీ చెబుతోంది. "తిరిగింది నాన్నా. కుడివైపు తిరిగింది. ఇంకా పైకి... ఇదిగో దిగుతోంది."

పెరడంత చోటులో అది వాలింది. వదిన దిగి గడ్డిలో కూర్చుండిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో దూరానికి తెలియలేదు. ఆర్డరు మేస్త్రీకి వచ్చింది. సంతకం పెట్టేటప్పుడు పక్కన అల్లుడు నిలబడాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఎవరూ ఆ చోట్లోకి జరగలేదు.

*

"పాదరసం ఏదీ?" అన్నాడు చీఫ్.

"వెళ్ళిపోయింది సార్. వెండికర్ర కారుతో సహా."

"మన వైపా, వాళ్ళ వైపా?"

"రోడ్డు అటూ ఇటూ పోతుంది సార్."

చీఫ్ నిట్టూర్చి ఫైలు మూశాడు. "పోనీ, విమానమైనా ఎక్కి చూశావా? ఎలా ఉంది?"

"మళ్ళీ వెళ్ళి అడిగాను సార్, ఎక్కనివ్వలేదు. వాళ్ళ దగ్గర ముందు సీటు దొరకాలంటే చేతిలో ఏదో ఒక పనుండాలట. నాకేం వచ్చని అడిగారు. చెప్పడానికి ఒక్కటీ తోచలేదు."

*

ఇట్లు,
ఇప్పుడు సూదమ్మ అని అందరూ పిలిచే నేను,
వయసు డెబ్బై ఒకటి,
ప్రస్తుతం ఆడపడుచు ఇంట్లో, మేడ మీద, కిటికీ ఉన్న గదిలో.